అమ్మేవాడు 1950 అంటాడు, టైటిల్ 1951 అంటుంది, ఇంజిన్ ఇంకేదో: షెవీ 3100 ఏ ఏడాదిదో తేల్చడం ఎలా?

ప్లేనో_పాతబండి
పాత పికప్ ఒకటి కొనుక్కోవాలని ఎప్పటినుంచో ఉంది. మొన్న టెక్సాస్‌లో డెంటన్ అవతల ఒక రాంచ్‌లో షెవర్లే (షెవీ) 3100 కనబడింది. అమ్మే పెద్దాయన 1950 అంటాడు. టైటిల్ కాయితం (బండి ఎవరి సొంతమో చెప్పే సర్కారు కాయితం) మీద 1951 ఉంది. ప్రకటనలో “ఒరిజినల్ ఇంజిన్, మ్యాచింగ్ నంబర్స్” (అంటే ఇంజిన్ నంబర్, బండి నంబర్ పుట్టుకతో జతవే) అని పెద్ద అక్షరాలతో రాసి, రేటు కూడా దానికి తగ్గట్టే పెట్టాడు. నాతో వచ్చిన ఫ్రెండ్ హుడ్ ఎత్తి చూసి, నన్ను పక్కకు లాగి, “ఇది ఆ కాలం ఇంజిన్‌లా లేదురా” అన్నాడు. ఎందుకో చెప్పమంటే వాడికీ సరిగ్గా తెలియదు.

అసలు టెన్షన్ అది కాదు. టైటిల్ మీద నంబర్‌కీ, డ్రైవర్ డోర్ తీస్తే కనబడే ప్లేట్ మీద నంబర్‌కీ పొంతనే లేదు. అడిగితే “అప్పట్లో అంతే” అని నవ్వేశాడు.

గ్రిల్‌లో అడ్డంగా ఐదు పట్టీలు. ముందు అద్దం మధ్యలో కడ్డీతో రెండు ముక్కలు. డోర్లకు ముందు మూలన తిప్పుకునే చిన్న అద్దాలున్నాయి. ఇంతవరకే చూశాను. డబ్బులింకా ఇవ్వలేదు. శనివారం మళ్లీ వెళ్తున్నా. ఏం చూడాలి, ఎక్కడ చూడాలి?

డీజిల్_దొర
కాయితం నంబర్, బండి నంబర్ కలవకపోతే ఇంకా చూడ్డానికేముంది? దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

కాన్సాస్_శీను
దొర గారూ, తొందరపడకండి. ఈ కాలం బండ్ల విషయంలో నంబర్లు కలవకపోవడం మామూలే, దాని సంగతి తర్వాత చెప్తా. ముందు బండి వయసు చూద్దాం.

ఈ ఆకారం షెవీ 1947 జూన్‌లో వచ్చింది, 1955 మొదట్లో ఆగింది. 1954లో ముందు అద్దం ఒకటే ముక్క అయింది, గ్రిల్ కూడా మారి మధ్యలో లావుపాటి అడ్డబద్ద వచ్చింది. మీరు చెప్పిన ఐదు పట్టీలు, రెండు ముక్కల అద్దం అంటే 1953, లేదా అంతకుముందు. డోర్ మూల అద్దాలు 1951లో మొదలయ్యాయి. అంటే 1951, 52, 53. ముసలాయన చెప్పిన 1950 ఇక్కడే పోయింది.

ఇక బయటి డోర్ హ్యాండిల్ చూడండి. కిందికి తిప్పేదైతే 1951, బొటనవేలితో బటన్ నొక్కేదైతే 1952 తర్వాత. స్పీడోమీటర్ చివరి అంకె 80 ఉంటే 1951 దాకా, 90 ఉంటే 1952 నుంచి. హుడ్ పక్కన బ్యాడ్జి మీద షెవర్లే అని, దాని కింద 3100 అని ఉంటే 1951కి సరిపోతుంది. 1953 బండికి షెవర్లే పేరు లేకుండా 3100 అనే అంకెలు మాత్రమే పెద్దగా ఉంటాయి. డోర్ దగ్గర ప్లేట్ రంగు కూడా చూడండి. నలుపు మీద వెండి అక్షరాలైతే 1952 దాకా, నీలం మీదైతే 1953.

మెకానిక్_బాబాయ్
శీనూ, చెప్పినవన్నీ కరెక్టే. కానీ ఇందులో బోల్టు విప్పితే ఊడొచ్చేవే ఎక్కువ. మూల అద్దాల కోసం 47-50 బండ్లకు 51 డోర్లు తగిలించుకున్నవాళ్లు బోలెడుమంది. టెక్సాస్ ఎండలో ఆ చిన్న అద్దం తిప్పుకుంటే ముఖానికి గాలి కొడుతుంది, ఎవడికి చేదు? డోరు మార్చినవాడికి హ్యాండిల్ కూడా దాంతోపాటే వస్తుంది. కాబట్టి డోర్ చూసి డేట్ రాయకూడదు. పెట్రోల్ ట్యాంక్ ఎక్కడుందో చూడమను. సీటు వెనకాల, కేబిన్ లోపలే నిలబెట్టి ఉంటే 1949 నుంచి. అది అంత తేలిగ్గా మార్చేది కాదు.

కాన్సాస్_శీను
ఒప్పుకుంటాను బాబాయ్. అందుకే ఒక్క గుర్తు కాదు, అరడజను గుర్తులు ఒకే ఏడాదిని చూపిస్తున్నాయా అని చూడాలి. డోర్ 52 అంటూ, స్పీడోమీటర్ 51 అంటూ, ట్యాంక్ అసలు కేబిన్‌లోనే లేకపోతే అది రెండు మూడు బండ్ల కలగూరగంప.

గుంటూరు_గేరు
వెనక తొట్టిలో చెక్కలు లెక్కపెట్టమని చెప్పరేం? 1951 మధ్యలో తొమ్మిది చెక్కల నుంచి ఎనిమిదికి దిగారు.

మెకానిక్_బాబాయ్
డెబ్బై ఏళ్ల చెక్క ఇంకా ఉంటుందా గేరూ? ఎప్పుడో కుళ్లి, ఎవడో హోం డిపో కొట్టు నుంచి కొత్త చెక్క తెచ్చి కొట్టేసి ఉంటాడు. లెక్కపెడితే ఆ కార్పెంటర్ చేతివాటం తెలుస్తుంది, బండి ఏడాది తెలియదు.

ప్లేనో_పాతబండి
ఫోన్లో వీడియో తీసుకున్నా, ఇప్పుడే మళ్లీ చూశా. హ్యాండిల్ తిప్పేది. స్పీడోమీటర్ 80 దగ్గర ఆగింది. ట్యాంక్ మూత పాసింజర్ డోర్ వెనకాల కేబిన్‌కే ఉంది, సీటు వెనక ట్యాంక్ కనబడుతోంది. ప్లేట్ నలుపు. దాని మీద నంబర్ 5జేపీఈ1

అడ్మిన్_అమ్మాజీ
మిగతా అంకెలు నేను తీసేశాను. పూర్తి సీరియల్ నంబర్ ఎవరూ ఇక్కడ పెట్టకండి. ఆ నంబర్‌తో దొంగ కాయితాలు పుట్టించేవాళ్లున్నారు. మొదటి నాలుగు అక్షరాలు చాలు.

కాన్సాస్_శీను
ఆ నాలుగే కావాలి.

5 అంటే కాన్సాస్ సిటీ ప్లాంట్, మా ఊరిదే! ఫ్లింట్‌కి 1, టారీటౌన్‌కి 2, సెయింట్ లూయిస్‌కి 3, ఓక్లండ్‌కి 6, అట్లాంటాకి 8, జేన్స్‌విల్‌కి 21. తర్వాత జేపీ. ఇందులో జే 1951, పీ అంటే 3100, అర టన్ను బండి. ముందు ఏళ్లకు వరసగా 1947 ఈపీ, 48 ఎఫ్‌పీ, 49 జీపీ, 50 హెచ్‌పీ. 52కి కేపీ. 1953 నుంచి పద్ధతి మార్చి 53, 54 అని అంకెలే వేశారు, అప్పుడు చదవడం సుఖం. చివర ఈ అంటే నెల. ఏ జనవరి అనుకుని లెక్కేస్తే ఈ మే నెల.

అంటే మీ బండి 1951 మోడల్, మే నెలలో కాన్సాస్ సిటీలో తయారైంది. హ్యాండిల్, స్పీడోమీటర్, ప్లేట్ రంగు, ట్యాంక్, డోర్ అద్దాలు అన్నీ అదే మాట చెప్తున్నాయి. టైటిల్ మీద ఏడాది కూడా అదే. ముసలాయన జ్ఞాపకమే ఒక ఏడాది వెనక్కి పోయింది.

డీజిల్_దొర
కేబిన్ 1951ది అని తేలింది. బండి 1951ది అని ఎలా తేలింది? ప్లేట్ ఉండేది కేబిన్‌కే కదా. తుప్పు పట్టిన కేబిన్ తీసేసి, ఇంకో బండి కేబిన్ ఎక్కిస్తే ప్లేట్ కూడా దాంతోనే వస్తుంది.

మెకానిక్_బాబాయ్
దొర మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. కిందకి దూరి చూడాల్సిందే. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా షాఫ్ట్ లావుపాటి గొట్టంలో మూసి ఉంటే 1954 దాకా వచ్చిన పద్ధతి. గొట్టం లేకుండా షాఫ్ట్ బయటకే తిరుగుతూ కనబడితే 1955 బండి, లేదా ఎవరో హైవే కోసం వెనక యాక్సిల్ మార్చారు. షాక్ అబ్సార్బర్లు కూడా చూడు. నిలువు గొట్టాల రకం 1950 నుంచి, అంతకుముందు చెయ్యి ఊపే లివర్ రకం. రెండూ సరిపోతే చాసిస్ కూడా ఆ కాలానిదే అనుకోవచ్చు.

ప్లేనో_పాతబండి
కింద వీడియో తీయలేదు. శనివారం పాత చొక్కా వేసుకెళ్తా. ఇంజిన్ సంగతి చెప్పండి ముందు.

కాన్సాస్_శీను
1951 షెవీ అర టన్నుకి వచ్చింది 216 ఇంజిన్ ఒక్కటే. 216 క్యూబిక్ అంగుళాలు, వరసగా ఆరు సిలిండర్లు, సుమారు 90 హార్స్‌పవర్. 235 అనే పెద్దన్న ఉంది కానీ అది అప్పట్లో పెద్ద లారీలకు, 1950 నుంచి ఆటోమేటిక్ గేర్ కార్లకు. పికప్‌కి 235 వచ్చింది 1954లో, 112 హార్స్‌పవర్‌తో.

రెండూ పైకి చూస్తే కవలల్లా ఉంటాయి. తేడా ఇలా పట్టాలి. పాసింజర్ వైపు నిలబడి స్పార్క్ ప్లగ్గుల కేసి చూడండి. ఇంజిన్ పక్కన పొడుగాటి రేకు మూత ఒకటి ఉంటుంది, లోపల వాల్వ్‌లను ఎత్తే పుష్‌రాడ్‌లు ఉంటాయి. ఆ మూత ప్లగ్గుల చుట్టూ పైదాకా, హెడ్ (ఇంజిన్ పై భాగం) మీదికి పాకి ఉంటే పాత రకం. హెడ్ కిందే ఆగిపోయి, ప్లగ్గులు బోడిగా కనబడితే 1954 తర్వాతి 235. ఇది చూడ్డానికి స్పానర్ కూడా అక్కర్లేదు. పై వాల్వ్ కవర్‌ని నడినెత్తిన రెండు నట్లు పట్టుకుంటే పాతది, అంచుల్లో నాలుగు స్క్రూలుంటే కొత్తది. కానీ కవర్లు మార్చేస్తారు, పక్క మూతనే నమ్మండి.

గుంటూరు_గేరు
ఒక్క సవరణ. పొడుగు మూత ఉంటే 216 అని ఖాయం చేసుకోవద్దు. పెద్ద లారీల పాత 235కి కూడా పొడుగు మూతే. పొట్టి మూత మాత్రం 216కి ఎప్పుడూ ఉండదు. ఆ వైపు నుంచే సాక్ష్యం గట్టిది.

ప్లేనో_పాతబండి
వీడియో ఆపి చూశా. మూత హెడ్ కిందే ఆగిపోయింది. ప్లగ్గులు బోడిగానే ఉన్నాయి. పైన నాలుగు స్క్రూలు. 😐

మెకానిక్_బాబాయ్
ఇంజిన్ స్టార్ట్ చేశాడా? ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడుంది?

ప్లేనో_పాతబండి
చివరికంటా వెళ్లి 30 దగ్గర అంటుకుపోయింది. “చూశావా, ఈ వయసులో కూడా ప్రెషర్ ఎలా ఉందో” అని గొప్పగా చూపించాడు కూడా.

మెకానిక్_బాబాయ్
😂😂 ఆ గేజ్ 216 కోసం చేసింది, 30 దాకానే చదువుతుంది. 216లో కాన్‌రాడ్ బేరింగులకు ఆయిల్ ఒత్తిడితో వెళ్లదు. కింద తొట్టిలోంచి రాడ్ చివర గరిటెలు ఆయిల్‌ని చిమ్ముకుంటూ తిరుగుతాయి. అందుకే తక్కువ ప్రెషర్ చాలు. 1954 నుంచి ఇంజిన్ అంతటికీ పూర్తి ప్రెషర్‌తో ఆయిల్ వెళ్తుంది, వాటికి 60 దాకా ఉన్న గేజ్ ఇచ్చారు. ఆయన బండిలో 51 గేజ్ ఉంది, కింద 54 తర్వాతి ఇంజిన్ ఉంది. ముల్లు పాపం ఇంకెక్కడికి పోతుంది?

డీజిల్_దొర
మ్యాచింగ్ నంబర్స్ అట!

కాన్సాస్_కోడలు
ఇదే నాటకం మా ఇంట్లో ఫోర్డ్‌తో జరిగింది. మా ఆయన 1953 ఎఫ్-100 చూసొచ్చి “వీ8 ఓవర్‌హెడ్ వాల్వ్, ఒరిజినల్” అన్నారు. 1953లో ఫోర్డ్ ట్రక్కుకి వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఫ్లాట్‌హెడ్ 239. ఓవర్‌హెడ్ వాల్వ్ వీ8 1954లో వచ్చింది, క్యూబిక్ అంగుళాలు మళ్లీ 239నే! అంకె ఒకటే కావడంతో అమ్మేవాళ్లు హాయిగా కలిపేస్తారు. నేను వెళ్లి చూసింది ఒక్కటే, వాల్వ్ కవర్లున్నాయా లేవా అని. ఫ్లాట్‌హెడ్‌కి వాల్వ్‌లు బ్లాక్‌లోనే ఉంటాయి, హెడ్ బల్లపరుపు పలక, ప్లగ్గులు దాని మీదే నిలబడతాయి. మాది ఫ్లాట్‌హెడ్డే అని తేలింది. హారన్ బటన్ మీద ఫోర్డ్ యాభయ్యవ వార్షికోత్సవం ముద్ర కూడా ఉంది, అది 1953 ఒక్క ఏడాదికే.

గుంటూరు_గేరు
ఆ హారన్ బటన్లు కొత్తవి తయారు చేసి అమ్ముతున్నారు అక్కా.

కాన్సాస్_కోడలు
తెలుసు తమ్ముడూ. ఎఫ్-100 అన్న పేరు మొదలైందే 1953లో, అంతకుముందు ఎఫ్-1. ఇవన్నీ కలిపి చూశాకే కొన్నాం. కొన్న వారానికి మా మరిది బ్యాటరీ డౌన్ అయిందని జంపర్ కేబుళ్లు మామూలుగా ఎర్రది ప్లస్, నల్లది బాడీకి పెట్టేశాడు. ఆ ఫోర్డ్ ఆరు వోల్టులు, పైగా ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. వచ్చిన మెరుపుకి మరిది దీపావళికి కూడా బయటికి రావడం లేదు.

ఆటోనగర్_అబ్బాయి
విజయవాడ నుంచి. మా వర్క్‌షాపులో పాత బండ్ల నంబర్లు చదవడానికి పెద్ద సాధనాలేం లేవు. తుప్పుని డీజిల్ గుడ్డతో తుడిచి, పల్చటి కాయితం పెట్టి, పైన పెన్సిల్‌తో రుద్దుతాం. గుద్దిన అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆర్టీవో ఆఫీసుకి చాసిస్ ప్రింట్ ఇచ్చేది కూడా ఇలాగే. వైర్ బ్రష్‌తో గట్టిగా గీకొద్దు, లోతు తక్కువున్న అంకెలు చచ్చిపోతాయి. సుద్దముక్క రాసి తుడిచినా గుంటల్లో తెలుపు నిలబడుతుంది.

కాన్సాస్_శీను
బంగారం లాంటి మాట. ప్లేనో గారూ, శనివారం ఇదే చెయ్యండి. పాసింజర్ వైపు డిస్ట్రిబ్యూటర్ పక్కన బ్లాక్ మీద చిన్న చదును జాగా ఉంటుంది, ఇంజిన్ నంబర్ గుద్దేది అక్కడే. అది లోపలికి దిగి ఉంటుంది. బ్లాక్ పోత పోసినప్పుడు పడిన నంబర్, తేదీ మాత్రం ఉబ్బెత్తుగా పైకి ఉంటాయి, అదే వైపు వెతకండి. తేదీ ఒక అక్షరం, ఒకటి రెండు అంకెలు, చివర ఇంకో అంకె. అక్షరం నెల, మధ్యది రోజు, చివరిది ఏడాదిలో ఆఖరి అంకె.

ప్లేనో_పాతబండి
దశాబ్దం ఎలా తెలుస్తుంది మరి?

కాన్సాస్_శీను
తెలియదు. అది మిగతా గుర్తులతో మీరే తేల్చుకోవాలి.

హైదరాబాదీ_హెడ్‌లైట్
ఆటోనగర్ తమ్ముడూ, మన దగ్గర ఈ షెవీలు దొరుకుతాయా? మా చిన్నప్పుడు ఒకటి రెండు చూసిన గుర్తు.

ఆటోనగర్_అబ్బాయి
అరుదు అన్నా. జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి 1954 దాకా బొంబాయి శివ్డీలో విడిభాగాలు తెప్పించి బిగించేవారు. స్టీరింగ్ కుడివైపు. అమెరికా బండికి చెప్పే గుర్తులు వాటికి మక్కీకి మక్కీ పనిచేస్తాయని అనుకోవద్దు. మన వైపు ఎక్కువ తగిలేవి డాడ్జ్, ఫార్గో. ప్రీమియర్ వాళ్లు కుర్లాలో చేసినవి. అందులో అసలు ఇంజిన్ మిగిలినదాన్ని నేను చూడలేదు. డీజిల్ వేసెయ్యడమే.

నెల్లూరు_జీపు
మా తాతగారి జీపు ఆర్సీలో 1949 అని ఉంది. అది మిలిటరీ డిస్పోజల్‌లో వేలంపాటకి వచ్చిన బండి, ఆర్సీలో రాసింది రిజిస్టర్ చేసిన ఏడాది. బండి మాత్రం యుద్ధకాలానిది. విల్లీస్ అని ఊరంతా చెప్పుకునేవాళ్లం. ఒకాయన వచ్చి రేడియేటర్ కింద ముందు అడ్డకమ్మీ తడిమి చూశాడు. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన దోనెలా ఉంటే ఫోర్డ్ చేసిన జీపు. మాది దోనె. తర్వాత టార్చి వేసి బోల్టు తలలు చూపించాడు, ఒక్కో బోల్టు నెత్తిన ఇంత చిన్న ఎఫ్ అక్షరం. ఫోర్డ్ వాళ్లు బోల్టులకి కూడా సంతకం పెట్టారు! ఇంజిన్ దగ్గరికొస్తే బోల్టుల మీద ఎఫ్ లేదు. అది విల్లీస్ ఇంజినే, ఎప్పుడో మార్చారు.

కాన్సాస్_కోడలు
ఇప్పుడు మీ ఇంట్లో వాళ్లు దాన్ని ఏమని పిలుస్తున్నారు?

నెల్లూరు_జీపు
విల్లీస్ అనే. మా నాన్న ఎదుట ఫోర్డ్ అన్న మాట ఎత్తితే అన్నం పెట్టరు.

హైదరాబాదీ_హెడ్‌లైట్
మన ఇండియాలో యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చెయ్యని బండైతే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోండి. నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, రెన్యూవల్‌కి 5,000. రోజువారీ తిప్పుకోవడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే.

ప్లేనో_పాతబండి
శనివారం రిపోర్ట్. కాయితం, పెన్సిల్ పట్టుకెళ్తే ముసలాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పెన్సిల్ రుద్దగానే నంబర్ తేలేసరికి ఆయనే కళ్లజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

కింద షాఫ్ట్ గొట్టంలోనే ఉంది. షాక్ అబ్సార్బర్లు నిలువు గొట్టాల రకం. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుద్దినది: ఎఫ్1014, తర్వాత ఒక అక్షరం. ఉబ్బెత్తు తేదీ: జే 3 8. టైటిల్ మీదున్న నంబర్ ఇంజిన్ మీద ఎక్కడా లేదు. ఆ టైటిల్ నంబర్ కూడా జే అక్షరంతోనే మొదలవుతుంది. రెండు జేలు ఒకటేనా?

గుంటూరు_గేరు
కాదు. పోత తేదీలో జే నెల. ఏ నుంచి లెక్కేస్తే పదోది, అక్టోబర్. అక్టోబర్ 3, ఏడాది చివర 8. 1948లో పొట్టి మూత ఇంజిన్ లేదు కాబట్టి 1958. గుద్దిన ఎఫ్1014లో ఎఫ్ అంటే ఫ్లింట్, 1014 అంటే అక్టోబర్ 14. మూడో తారీఖున పోత పోశారు, పద్నాలుగున ఇంజిన్ బిగించారు. ఎంత చక్కగా అతికిందో చూడండి! ఇలా నెలా తేదీ గుద్దడం 1957 నుంచి వచ్చిన పద్ధతి, అదీ సరిపోయింది. 1958 అక్టోబర్ అంటే అప్పటికే 1959 మోడల్ బండ్లు వస్తున్నాయి. 1959 మోడల్ కారుదో ట్రక్కుదో 235 అది.

కాన్సాస్_శీను
ఇప్పుడు మొదట్లో ఆపిన మాట. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో బండిని ఇంజిన్ నంబర్ మీదే రిజిస్టర్ చేసేవారు. పదిహేడు అక్షరాల నంబర్ అందరికీ ఒకేలా వచ్చింది 1981లోనే. 1951 షెవీ ఇంజిన్ నంబర్లు జేతో మొదలయ్యేవి. మీ టైటిల్ మీదున్నది ఈ బండితో పుట్టిన 216 ఇంజిన్ నంబర్ అయ్యుంటుంది. ఆ ఇంజిన్ ఎప్పుడో పోయింది, నంబర్ మాత్రం కాయితంలో మిగిలిపోయింది. ముసలాయన “అప్పట్లో అంతే” అన్నది అబద్ధం కాదు. మ్యాచింగ్ నంబర్స్ అన్నది మాత్రం అబద్ధమే.

డీజిల్_దొర
అయ్యుంటుంది అన్న మాట మీద డబ్బు పెట్టమంటారా? దొంగ బండి కూడా అయ్యుండొచ్చు.

టైటిల్_తాతయ్య
దొర అనుమానం సబబే, దానికి దారి కూడా ఉంది. డబ్బులివ్వకముందే ఆ ప్లేట్ నంబర్ మీద దొంగతనం కేసు ఉందేమో పోలీసు వాళ్లతో చూపించాలి. క్లియర్ అయితే కౌంటీ టాక్స్ ఆఫీసులో టైటిల్ మీద నంబర్ ప్లేట్ నంబర్‌గా సరిచేయమని అడగాలి. కాయితాలు చాలవంటే బాండెడ్ టైటిల్ (పూచీకత్తు మీద ఇచ్చే టైటిల్) ఉంది, బండి విలువకు ఒకటిన్నర రెట్లకు ష్యూరిటీ బాండ్ కొనాలి. కట్టే ప్రీమియం అందులో కొంచెమే. ఈ తిరుగుడంతా అమ్మేవాడి చేత చేయించండి, లేదా రేటులో కోయండి. ఒక్కటి మాత్రం చెయ్యకండి. నంబర్ కలవాలని ప్లేట్ ఊడదీయడం, వేరేది తగిలించడం, టైటిల్‌లో ఉన్న నంబర్‌ని బ్లాక్ మీద గుద్దించడం. అది జైలు వ్యవహారం.

ప్లేనో_పాతబండి
ఇదంతా అయ్యాక కూడా కొనదగ్గ బండేనా అని అడుగుతున్నా. 216 వెతికి పెట్టించాలా?

స్టాక్_సుబ్బారావు
పెట్టించాలి. 51కి 216 ఉండాలి. లేకపోతే అది 51 చొక్కా తొడుక్కున్న ఇంకేదో.

మెకానిక్_బాబాయ్
సుబ్బారావ్, నువ్వు ట్రైలర్ మీద ఎక్కించుకుని షోకి తీసుకెళ్తావ్, నీకు చెల్లుతుంది. ఈయన నడుపుకుంటాడు. 216కి బేరింగులు బాబిట్ లోహంతో పోత పోసి చెక్కాలి. ఆ పని తెలిసినవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. హైవే మీద పరిగెత్తించడం దానికి ఇష్టం ఉండదు. 235కి మామూలు బేరింగులు వేసుకోవచ్చు, ఆయిల్ పూర్తి ప్రెషర్, అదే కంపెనీ, అదే ఆకారం. 216 పోతే 235 వేసుకోవడం అప్పటి మెకానిక్కులకి మామూలు సంగతి. 59 ఇంజిన్ అన్నది ఈ బండికి లోపం కాదు, చెప్పిన రేటుకి లోపం.

స్టాక్_సుబ్బారావు
సరే, నడుపుకోనీ. కానీ “ఒరిజినల్” అన్న పదానికి డబ్బు కట్టకూడదు, అంతే నా పట్టు. అసలు ఈ ట్రక్కులకి ఇంజిన్ నంబర్‌కీ డోర్ ప్లేట్‌కీ కంపెనీ లింకే పెట్టలేదు. రెండు వేరే వరసలు. మ్యాచింగ్ నంబర్స్ అని ఎవరైనా అంటే ఆ మాటే చాలు, వాళ్లకి బండి గురించి తెలియదని.

టైటిల్_తాతయ్య
సుబ్బారావు, బాబాయ్ ఒక మాట మీదికొచ్చారు, ఈ రోజు వాన పడుతుంది.

ప్లేనో_పాతబండి
ముసలాయనకి పెన్సిల్ కాయితాలు చూపించి మాట్లాడా. పోత తేదీ చూశాక ఆయనే “మా బావమరిది మార్చి ఉంటాడు” అన్నాడు. ఒరిజినల్ మాట ప్రకటనలోంచి తీసేసి, రేటు బాగానే దించాడు. టైటిల్ సరిచేసి ఇస్తేనే డబ్బు అని చెప్పా, ఒప్పుకున్నాడు. ఆయిల్ గేజ్ మాత్రం మార్చాలి బాబాయ్, 60ది ఎక్కడ దొరుకుతుంది?

మెకానిక్_బాబాయ్
54-55 బండి గేజ్ వెతకాలి, కానీ డయల్ మీద రాతలు వేరు, పక్కనున్న పాత గేజ్‌లతో అతకవు. చవకైన దారి, ఇంజిన్ దగ్గరే విడిగా ఒక గేజ్ తగిలించి, డాష్‌బోర్డ్‌లో పాతదాన్ని అలాగే ఉంచెయ్. బండి ఇంకా ఆరు వోల్టులేనా, పన్నెండుకి మార్చారా? పన్నెండు కంపెనీ నుంచి వచ్చింది 1955లో కొత్త ఆకారంతోనే. నీ 51లో పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటే వైరింగ్ ఎవరు చేశారో చూసుకో. అసలు మంటలు వచ్చేది అక్కడే.

ప్లేనో_పాతబండి
బ్యాటరీ మీద 12 అనే ఉంది. హీటర్ దగ్గర వైర్లకి ఇన్సులేషన్ టేప్ చుట్టలు చుట్టలుగా ఉంది.

మెకానిక్_బాబాయ్
ఇంకో వంద డాలర్లు దించు.

ఫీనిక్స్_ఫణి
మధ్యలో దూరుతున్నా. నా దగ్గర షెవీ సీ10 పికప్ ఉంది. నంబర్ సీఈ140తో మొదలవుతుంది. ఎవరో 1971 అంటున్నారు. ఇంజిన్ 350 అంటున్నారు. ఎలా తెలుసుకోవాలి?

గుంటూరు_గేరు
సీ అంటే వెనక చక్రాల డ్రైవ్, ఈ అంటే వీ8, ఆరు సిలిండర్లయితే ఎస్ ఉండేది. 1 అర టన్ను, 4 పికప్, చివరి 0 ఏడాది. కాబట్టి 1970. 1971కి గ్రిల్ గళ్లుగళ్లుగా మారింది, ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి, మీకు డ్రమ్ములుంటే అదీ సాక్ష్యమే. ఏ వీ8 అన్నది మాత్రం ఆ నంబర్ చెప్పదు, 307కీ 350కీ ఒకటే ఈ. గ్లవ్ బాక్స్ మూత లోపలివైపు కంపెనీ అంటించిన కాయితం ఉంటుంది, అందులో బండికి వేసిన ఆప్షన్లు రాసి ఉంటాయి. అది చూడండి.

ఫీనిక్స్_ఫణి
చూశా. 1968 అని ఉంది!

గుంటూరు_గేరు
ఆ కాయితం మీదున్న నంబరూ మీ నంబరూ ఒకటేనా?

ఫీనిక్స్_ఫణి
కాదు. మూత వేరే బండిదట, అమ్మినాయన ఇప్పుడే ఫోన్లో చెప్పాడు.

డీజిల్_దొర
దణ్ణం.